తడి ఎక్కడుందో వెతకండి: ముప్పై పడకల ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లను అదుపు చేసే పద్ధతి

"కాన్పు బాగానే జరిగింది గానీ, పప్పు తినేసిందండీ. అందుకే కుట్లకు చీము పట్టింది." సిజేరియన్ అయిన పది రోజులకు కూతురిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చిన తల్లి ఇలా చెబుతుంటే, మనం తల ఊపి డ్రెస్సింగ్ గదికి పంపేస్తాం. నేరం కందిపప్పు మీదకు పోతే ఆసుపత్రికి హాయి. కానీ ఆ చీములో ఉన్న బ్యాక్టీరియా వంటింటి నుంచి రాలేదు. మన చేతుల మీదో, ఆపరేషన్ గుడ్డలు ఉంచే మన డ్రమ్ములోనో, మన సీసాలోనో ఉండి వచ్చింది. లేదా ఆమె చర్మం మీదే ఉన్నది, కోతకు ముందు మనం సరిగా శుభ్రం చేయకపోవడం వల్ల లోపలికి చేరింది.

ఇది పెద్దాసుపత్రుల కోసం రాసినది కాదు. ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం, లేదంటే కాస్త పెద్దదైన ఏరియా ఆసుపత్రి. ఇద్దరో ముగ్గురో డాక్టర్లు, షిఫ్టుకు ఒకరిద్దరు సిస్టర్లు, ఏ బ్యాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు ల్యాబు లేదు, కరెంటు మీద నమ్మకం లేదు. అలాంటి చోట ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరుసలో రాస్తున్నాను.

ఆసుపత్రిలో చేరిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్ఫెక్షన్, చేరేనాటికి రోగి ఒంట్లో లేనిదైతే, అది ఆసుపత్రి అంటించినదిగా లెక్క. శస్త్రచికిత్స గాయమైతే 30 రోజుల వరకూ మన ఖాతాలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం సంపన్న దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 7 మందికి, మధ్య, అల్పాదాయ దేశాల్లో 15 మందికి కనీసం ఒక ఇన్ఫెక్షన్ ఇలా అంటుకుంటోంది. ముప్పై పడకలూ నిండి ఉన్న రోజున మీ వార్డులో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి, ఆ లెక్కన ఎందరవుతారో చూసుకోండి.

మొదటి అడుగు: ఒక నోటు పుస్తకం, ఒక మనిషి

కమిటీలు వేయడం మనకు బాగా వచ్చు. అందరి పేర్లూ ఉన్న కమిటీలో పని ఎవరిదీ కాదు. ఒక్క సిస్టర్‌ను ఎంచుకోండి. అనుభవం కంటే మొహమాటం లేకపోవడం ముఖ్యం, ఎందుకంటే సర్జన్ గారిని "చేతులు కడుక్కున్నారా?" అని అడగాల్సింది ఆమే. రోజుకు రెండు గంటలు ఆమెకు వార్డు పని ఉండదని సూపరింటెండెంట్ సంతకంతో కాగితం ఇవ్వండి. నోటిమాటగా ఇచ్చిన ఆ రెండు గంటలు రద్దీ పెరిగిన మొదటి రోజే మాయమవుతాయి.

పుస్తకంలో నాలుగే విషయాలు రాయండి. కోత గాయానికి చీము, మూత్రపు గొట్టం పెట్టాక వచ్చిన జ్వరం, కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టిన చోట ఎర్రదనం లేదా వాపు, మన దగ్గరే పుట్టిన పసిబిడ్డకు మూడో రోజు దాటాక సెప్సిస్, అంటే ప్రాణం మీదకు తెచ్చే ఇన్ఫెక్షన్. ఒక్కో దాని పక్కన ఆ నెలలో మొత్తం ఎన్ని ఆపరేషన్లు చేశాం, ఎందరికి గొట్టం పెట్టాం అన్న అంకె ఉండాలి. అది లేకపోతే "ఈ నెల మూడు" అన్న మాటకు అర్థం లేదు. కుట్లు విప్పించుకుని వెళ్లిన వారి సంగతి 30వ రోజున ఆశా కార్యకర్తకు ఫోను చేస్తే తెలుస్తుంది. చీము పట్టిన వారిలో చాలామంది మన దగ్గరకు రారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే కట్టు కట్టించుకుంటారు. ఫోను చేయకపోతే వారు మన లెక్కలోకి ఎప్పటికీ రారు.

చిన్న ఆసుపత్రి అంకెలు మోసం చేస్తాయి. నెలకు ఇరవై సిజేరియన్లు జరిగే చోట ఒక్క కేసు పెరిగితే శాతం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకని శాతాలను మూడు నెలలకు ఒకసారి కలిపి చూడండి. ఒకే వారంలో, ఒకే టేబుల్ మీద ఆపరేషన్ అయిన ముగ్గురికి చీము పడితే మాత్రం శాతాల కోసం ఆగకండి. ఆ రోజే డ్రమ్ములు తెరిచి చూడండి.

రెండో అడుగు: తడి వేట

నా అనుభవంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇది. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తాను. సూడోమొనాస్, క్లెబ్సియెల్లా, బర్క్‌హోల్డేరియా వంటి మొండి బ్యాక్టీరియాకు నీటి చుక్క చాలు. మందులకు లొంగని రకాలు ఆసుపత్రిలో కాపురం పెట్టేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. అసినెటోబ్యాక్టర్ ఒక్కటే గడుసుది. తడి లేకపోయినా మంచం కమ్మీ మీద రోజుల తరబడి బతుకుతుంది. దాని సంగతి తర్వాత.

ఒక ఉదయం, రౌండ్లకు ముందు, పుస్తకం పట్టుకుని వార్డంతా తిరగండి. తడిగా ఉన్న ప్రతిదీ రాయండి. మీకు కనిపించేవి దాదాపు ఇవే.

చీటిల్ ఫోర్సెప్స్ (శుద్ధి చేసిన వస్తువులను తీసే పొడవాటి పట్టకారు) ఉంచే జాడీ. అందులో సావ్లాన్ ద్రావణం పోసి, దాన్ని ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు. క్రిమిసంహారకంలో క్రిములు ఎలా పెరుగుతాయని సిస్టర్లు అడుగుతారు. పలచబడిన, పాతబడిన ద్రావణంలో సూడోమొనాస్ చక్కగా పెరుగుతుంది. ద్రావణం పారబోయండి. జాడీనీ ఫోర్సెప్స్‌నూ కలిపి ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో శుద్ధి చేసి), పొడిగా వాడండి. షిఫ్టుకు ఒక సెట్టు మార్చండి.

స్పిరిట్‌లోనో సావ్లాన్‌లోనో ముందే నానబెట్టి ఉంచిన దూది. డబ్బాలో పొడి దూది ఉంచి, అవసరమైనప్పుడు దాని మీద స్పిరిట్ పోసుకోండి. డబ్బా ఖాళీ అయ్యాక కడిగి ఆరబెట్టండి. సగం ఉండగా పైనుంచి నింపవద్దు.

అందరికీ ఒకటే సెలైన్ సీసా. ఇదే అసలు ప్రమాదం. కాన్యులా కడగడానికి, పొడి మందు కలపడానికి ఒక పెద్ద సెలైన్ సీసా తెరిచి, దాని రబ్బరు మూతకు ఒక సూదిని శాశ్వతంగా గుచ్చి ఉంచుతారు. ప్రతి సిస్టరూ సిరంజి పెట్టి లాగుతుంది. ఒక్క చెయ్యి కలుషితమైతే చాలు, ఆ రోజు సూది మందు తీసుకున్న ప్రతి రోగి రక్తంలోకీ నేరుగా దారి దొరికినట్టే. పది మిల్లీలీటర్ల ఆంప్యూళ్లు వాడండి. దొరకకపోతే వంద మిల్లీలీటర్ల సీసాను ఒక్క రోగికే కేటాయించి, పేరు రాసి, 24 గంటలకు పారేయండి. మూతకు గుచ్చి వదిలిన సూది ఎక్కడ కనిపించినా ఆ సీసా వెంటనే చెత్తలోకి పోవాలి, అందులో ఎంత మిగిలి ఉన్నా సరే. లిగ్నోకెయిన్ వంటి ఎక్కువ డోసుల వయల్ మీద తెరిచిన తేదీ రాయండి. కంపెనీ ఇంకా తక్కువ గడువు చెప్పకపోతే దాని ఆయుష్షు 28 రోజులు.

ఆక్సిజన్‌కు తేమ ఇవ్వడానికి గోడకు తగిలించిన నీటి బుడగల సీసా. 2021లో బ్లాక్ ఫంగస్ భయంతో అందరి కళ్లూ ఈ సీసా మీద పడ్డాయి, తర్వాత మళ్లీ మరిచిపోయాం. పెద్దవారికి నిమిషానికి నాలుగు లీటర్ల లోపు ఆక్సిజన్‌కు తేమ అక్కర్లేదు. సీసాను ఖాళీగా ఉంచవచ్చు. నీరు తప్పనిసరైతే స్టెరైల్ నీరు లేదా కాచి చల్లార్చిన నీరు పోసి రోజూ మార్చండి. కుళాయి నీరు వద్దు. నెబులైజర్ కప్పు, సక్షన్ సీసా, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) కూడా ఇంతే. కడగాలి, క్రిమిశుద్ధి చేయాలి, గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకుండా మూత పెడితే కడిగిన శ్రమంతా వృథా.

బాత్రూము మూలన బకెట్‌లో నిలబెట్టిన తడి మాపు. రాత్రంతా దానిలో పెరిగినది ఉదయం వార్డంతా పూస్తాం. మాపు గుడ్డలను రోజూ ఉతికి ఎండలో తలకిందులుగా వేలాడదీయండి. మన దగ్గర ఎండకు కొదవ లేదు. ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కు), లేబర్ రూముకు, వార్డుకు, మరుగుదొడ్లకు వేర్వేరు రంగుల మాపులు ఉండాలి.

చివరిది నీళ్ల ట్యాంకు. ఎక్కి మూత తీసి చూడండి. ఎంతకాలంగా ఎవరూ ఎక్కలేదో అక్కడి నాచే చెబుతుంది.

మూడో అడుగు: చేతులు

1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులకు వచ్చే వైద్యులను క్లోరిన్ నీటితో చేతులు కడుక్కోమన్నాడు. బాలింతల మరణాలు అమాంతం తగ్గాయి. తోటి డాక్టర్లు అతన్ని మెచ్చుకోలేదు సరికదా, వెలివేసినంత పని చేశారు. మీ సిస్టర్‌కు కూడా మొదటి నెల అలాంటి మర్యాదే జరుగుతుంది. ఆమె పక్షాన నిలబడండి.

చేతులు శుభ్రం చేసుకోవలసిన సందర్భాలు ఐదు. రోగిని ముట్టుకునే ముందు, సూది లేదా గొట్టం పెట్టడం వంటి శుభ్రమైన పనికి ముందు, రక్తమో మరే శరీర ద్రవమో తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్నాక, రోగి చుట్టూ ఉన్న మంచం, స్టాండు వంటివి ముట్టుకున్నాక. సిబ్బంది ఎక్కువగా మరిచేది చివరిదే. రోగిని తాకలేదు కదా, సెలైన్ స్టాండునే కదా సర్దాను అనుకుంటారు. గ్లౌజులు వీటికి బదులు కావు. ఒకే గ్లౌజు జతతో నాలుగు మంచాలు తిరిగే వారిని నేను చాలామందిని చూశాను. గ్లౌజు వారిని కాపాడింది, రోగులను కాదు.

సబ్బు నీటితో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్‌తో (చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రావణంతో) అయితే 20 నుంచి 30 సెకన్లు చాలు. కుళాయి వార్డుకు ఆ చివర ఉంటే ఎవరూ వెళ్లరు, కాబట్టి ప్రతి రెండు మంచాల మధ్య హ్యాండ్ రబ్ సీసా ఉండాలి. సరఫరా కోసం ఎదురుచూడకుండా దాన్ని మీ ఫార్మసిస్టే తయారు చేయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలత పది లీటర్లకు ఇది: 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిసరాల్ 145 మి.లీ. మిగిలినది పది లీటర్లు నిండేవరకు కాచి చల్లార్చిన నీరు. కలిపాక 72 గంటలు మూత పెట్టి ఉంచి, అప్పుడే వాడాలి. ఇథనాల్‌తోనూ చేయవచ్చు, 96 శాతానిది 8,333 మి.లీ. పడుతుంది. ఏదైనా నిప్పుకు దూరంగా, తాళం వేసిన గదిలో ఉండాలి. కళ్లకు కనిపించే మురికి ఉన్నప్పుడు హ్యాండ్ రబ్ పనికిరాదు, సబ్బే వాడాలి.

నాలుగో అడుగు: బ్లీచింగ్ లెక్క

ఇక్కడ అందరూ చేసే తప్పు కళ్లతో కొలవడం. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 33 శాతం ఉంటుంది. ఒక శాతం ద్రావణం కావాలంటే లీటరు నీటికి 30 గ్రాములు, అర శాతానికి 15 గ్రాములు. చిన్న తూకం కొనండి. లేదా ఒకసారి తూచి, ఆ కొలతకు సరిపడే డబ్బాకు గీత పెట్టుకోండి. ద్రవ రూపంలో వచ్చే 5 శాతం హైపోక్లోరైట్ అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీరు కలిపితే ఒక శాతం. ఏ రోజుకు ఆ రోజు కలపండి, సాయంత్రానికి మిగిలినది పారబోయండి. గాలి తగిలి గడ్డకట్టిన పౌడర్‌కు బలం ఉండదు.

నేల మీద రక్తం పడితే ముందు పాత గుడ్డ కప్పి, దాని మీద ఒక శాతం ద్రావణం పోసి, పది నిమిషాలైనా ఆగి తుడవండి. మామూలు నేలకు డిటర్జెంట్ నీరు చాలు. ఎక్కువగా చేతులు తగిలే చోట్లను, అంటే మంచం కమ్మీలు, తలుపు గొళ్లేలు, సెలైన్ స్టాండ్లు, రోజుకు రెండుసార్లు తుడవాలి. అసినెటోబ్యాక్టర్ పొంచి ఉండేది అక్కడే. బ్లీచింగ్‌ను ఎప్పుడూ మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలపవద్దు, విషవాయువు వస్తుంది.

వారానికోసారి ఓటీ మూసి ఫార్మలిన్ పొగ పెట్టే అలవాటు గురించి ఒక మాట. ఇది చేస్తే ఏదో పెద్ద పని చేసినట్టు అనిపిస్తుంది. సిబ్బంది కళ్లు మండటం తప్ప దీనివల్ల గాయాలకు ఒరిగేది లేదు. ఆ సమయంలో సబ్బు నీటితో గోడలు, టేబులు, లైటు తుడిస్తే నిజంగా మేలు.

ఐదో అడుగు: డ్రమ్ము ఎందుకు తడిసింది?

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక వానాకాలం వరుసగా గాయాలకు చీము పట్టింది. యాంటీబయాటిక్ మార్చాం, మళ్లీ మార్చాం. చివరికి ఒక సిస్టర్ ఓటీలో డ్రమ్ము తెరవగానే లోపలి గుడ్డలు చెమ్మగా ఉన్నాయని చెప్పింది. అది ఎప్పటినుంచో అలాగే ఉంది, వానల వల్లేమో అని అందరూ అనుకున్నారు. అసలు సంగతి ఏమిటంటే, కరెంటు కోతల మధ్య పని తెమల్చాలన్న తొందరలో ఆరబెట్టే సమయం మానేసి, వేడి డ్రమ్ములను తీసి చల్లటి నాపరాయి మీద పెడుతున్నారు. తడి గుడ్డ గుండా బయటి బ్యాక్టీరియా లోపలికి పాకుతుంది. ఆటోక్లేవ్‌లో చచ్చిన చోటే మళ్లీ పుట్టినట్టయింది.

అందుకని వరుస ఇలా ఉండాలి. పరికరాలను ముందు డిటర్జెంట్‌తో, బ్రష్‌తో తోమాలి. రక్తం అంటుకుని ఉన్న కత్తెరను ఏ ఆవిరీ శుద్ధి చేయదు. డ్రమ్మును కుక్కవద్దు, చెయ్యి వెళ్లేంత ఖాళీ ఉండాలి. డ్రమ్ము పక్క రంధ్రాలు ఆటోక్లేవ్‌లో తెరిచి, బయటకు తీయగానే మూయాలి. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి వచ్చాక గడియారం చూసి 30 నిమిషాలు. ముల్లు అక్కడికి చేరకముందు గడిచిన సమయం లెక్కలోకి రాదు. తర్వాత ఆవిరి వదిలి, మూత కొద్దిగా తెరిచి ఆరనివ్వాలి. చల్లబడేవరకు చెక్క మీదో గుడ్డ మీదో ఉంచాలి. చెమ్మగా ఉన్న డ్రమ్ము తిరిగి ఆటోక్లేవ్‌కే పోవాలి, ఆపరేషన్ ఆలస్యమైనా సరే. డ్రమ్ము పైన అంటించిన టేపు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. గుడ్డల నడుమ ఒక సూచిక కాగితం పెడితే లోపలికి ఆవిరి వెళ్లిందో లేదో తేలుతుంది. గ్యాసు స్టవ్వు మీద పనిచేసే ఆటోక్లేవ్ ఒకటి ఉంటే కరెంటు కోతల భయం ఉండదు.

ఆరో అడుగు: పెట్టకుండా ఉండగల గొట్టం పెట్టవద్దు

మన ఊళ్లలో సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టు. "ఒక్క సీసా పెట్టండి డాక్టరు గారూ, నీరసంగా ఉంది" అని అడిగే వారిని కాదనడం కష్టమే. కానీ నోటితో తాగగలిగే మనిషికి కాన్యులా ఇన్ఫెక్షన్‌కు తలుపు తీయడమే. పెట్టక తప్పనప్పుడు ప్లాస్టర్ మీద తేదీ, సమయం రాయండి. ప్రతి షిఫ్టు మారేటప్పుడు ఆ చోటు చూసి, "ఇది ఇంకా అవసరమా?" అని ఒకరినొకరు అడగాలి. ప్రమాదాల హడావుడిలో శుభ్రత లేకుండా పెట్టిన కాన్యులాను 24 గంటల్లోపు తీసి కొత్తది పెట్టండి.

మూత్రపు గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే ప్రమాదం 3 నుంచి 7 శాతం. సిజేరియన్ మర్నాడు ఉదయానికి గొట్టం తీసేయవచ్చు. చాలాచోట్ల రౌండ్లలో ఎవరూ చెప్పలేదు కాబట్టి మూడో రోజు వరకు ఉంటుంది. సంచి మూత్రాశయం కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు. మన ఆసుపత్రుల్లో ఆ సంచిని ఖాళీ చేసేది ఎక్కువగా రోగి అక్కో తమ్ముడో. వారికి చేతులు ఎప్పుడు కడుక్కోవాలో చెప్పి, ఒక్కో రోగికి వేరే మగ్గు ఇవ్వండి. ఒకే మగ్గుతో వార్డంతా తిరిగితే ఒకరి మూత్రంలోని మొండి క్లెబ్సియెల్లా సాయంత్రానికి పది మందికి చేరుతుంది. రోగికి ఒక్క సహాయకుడు చాలన్న నియమం పెట్టండి. ఆ ఒక్కరికి నేర్పించినది ముగ్గురికి నేర్పించలేం.

పసిపిల్లల విషయంలో గొట్టాలకు ముందే మరో మందు ఉంది. తక్కువ బరువు బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతి, తల్లిపాలు. ఇవి రెండూ ఇన్ఫెక్షన్లను తగ్గిస్తాయి, ఖర్చు లేదు.

ఏడో అడుగు: ఆపరేషన్ ముందు ఒక్క డోసు

కోత పెట్టే చోట వెంట్రుకలను బ్లేడుతో గీయవద్దు. కంటికి కనిపించని గాట్లు పడతాయి. అవసరమైతే క్లిప్పర్ వాడండి, లేకపోతే వదిలేయండి. యాంటీబయాటిక్ కోతకు ముందు 60 నిమిషాల్లోపు రక్తంలో ఉండాలి. సిజేరియన్‌కు సెఫాజోలిన్ 2 గ్రాములు ఒక్క డోసు. బిడ్డ పుట్టాక ఇవ్వడం పాత అలవాటు, ఇప్పుడు కోతకు ముందే ఇవ్వాలి. శుభ్రంగా జరిగిన ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఇంజెక్షన్లు, మరో ఐదు రోజులు మాత్రలు రాయడం ఓటీ శుభ్రత మీద మనకే నమ్మకం లేదని ఒప్పుకోవడం లాంటిది. ఆ పది రోజుల మందు గాయాన్ని కాపాడదు, పేగుల్లో మొండి బ్యాక్టీరియాకు చోటు ఖాళీ చేస్తుంది.

ఎనిమిదో అడుగు: సెఫ్‌ట్రియాక్సోన్ మీద కన్ను

మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఇదంతా మన వార్డుల తప్పే కాదు. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. అయినా ఆ నీటిని మనం ఆపలేం, మన మందుల గదిని ఆపగలం.

ముందు అంకె తెలుసుకోండి. సెఫ్‌ట్రియాక్సోన్ మనం ఎక్కువగా పెట్టే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. మీ ఫార్మసిస్టు ఈ-ఔషధిలో (మందుల నిల్వల ఆన్‌లైన్ లెక్కలో) నెలకు దాని వయల్స్ ఎన్ని ఖర్చయ్యాయో పది నిమిషాల్లో చెప్పగలడు. దాన్ని ఆ నెలలో చేరిన రోగుల సంఖ్యతో భాగించి గోడ మీద రాయండి. ఎవరినీ తిట్టనవసరం లేదు. గోడ మీది అంకె దాని పని అది చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్స్‌ను మూడు గుంపులుగా విడదీసింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, జెంటామైసిన్, అమికాసిన్, మెట్రోనిడజోల్, సెఫాజోలిన్ మొదటి గుంపు, ముందు వాడవలసినవి. సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ రెండో గుంపు, జాగ్రత్తగా వాడవలసినవి. కొలిస్టిన్, లినెజోలిడ్ ఆఖరి అస్త్రాలు. అల్మరాలో ఈ మూడింటికి మూడు అరలు పెట్టండి. రెండో అర నుంచి తీయాలంటే కేసు షీటులో ఒక్క వాక్యం కారణం ఉండాలి. మూడో అర తాళం ఒకే డాక్టరు దగ్గర ఉండాలి.

జ్వరంతో వచ్చినవారికి ఏది అక్కర్లేదో ముందు తేల్చుకోండి. నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్, పిల్లలకైతే దానితో జింకు. జలుబు, వైరల్ జ్వరం, డెంగీలకు యాంటీబయాటిక్ లేదు. గొట్టం ఉన్న మనిషి మూత్రంలో చీము కణాలు కనిపించినంత మాత్రాన, జ్వరం, నొప్పి లేకపోతే మందు వద్దు. గర్భిణుల విషయం వేరు. వారికి బ్యాక్టీరియా తేలితే బాధ లేకపోయినా చికిత్స చేయాలి. ఇక స్క్రబ్ టైఫస్, చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో బట్టలు తొలగించి చూడాలి. ఈ జ్వరానికి సెఫ్‌ట్రియాక్సోన్ ఎన్ని వయల్స్ పెట్టినా పనిచేయదు, డాక్సీసైక్లిన్ మాత్రలు పనిచేస్తాయి. చూడక పోగొట్టుకున్న ప్రాణాలు ఉన్నాయి.

రోగి ఇంతకుముందు ఏం వాడాడో అడగండి. పేర్లు చెప్పలేరు, ఖాళీ షీట్లు తెమ్మంటే తెస్తారు. మొదలుపెట్టిన 48 గంటలకు మళ్లీ ఆగి చూడాలి. మందు అవసరమా, మాత్రలకు మార్చవచ్చా, ఎన్ని రోజులకు ఆపాలి? ఆపే తేదీని మొదటి రోజే రాసే అలవాటు చేసుకోండి. మామూలు న్యుమోనియా, చికిత్సకు బాగా స్పందిస్తే, ఐదు రోజులు చాలు. సెప్సిస్‌తో కొట్టుకుంటున్న మనిషికి మాత్రం ఈ లెక్కలన్నీ తర్వాత. మొదటి డోసు వెంటనే ఇచ్చి, రిఫర్ చేయండి.

కల్చర్ ల్యాబు లేదు కదా అని చేతులు దులుపుకోవద్దు. దగ్గరలోని బోధనాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంతో మాట్లాడి, వారానికి రెండు రోజులు నమూనాలు పంపే ఏర్పాటు చేసుకోవచ్చు. రక్తం మందు మొదలుపెట్టక ముందే తీయాలి, పెద్దవారికి ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ., రెండు వేర్వేరు చోట్ల నుంచి. రక్తం సీసాను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. మూత్రం రెండు గంటల్లో చేరలేకపోతే ఫ్రిజ్‌లోనే పెట్టాలి. గాయం పైపైన దూది తిప్పి పంపితే చర్మం మీది బ్యాక్టీరియా పేరే వస్తుంది. గాయాన్ని సెలైన్‌తో కడిగి, లోతు నుంచి సిరంజితో చీము లాగండి. ఒకే రకం బ్యాక్టీరియా ఫలితాలు 30 చేరాక మీ ఊరికి ఏ మందు పనిచేస్తుందో పట్టిక వేయవచ్చు. అంతవరకు బోధనాసుపత్రి పట్టికే మీకు ఆధారం, కానీ అక్కడి రోగులు మీ రోగుల కంటే ముదిరినవారు, ఎక్కువ మందులు వాడినవారు అని గుర్తుంచుకోండి.

మిగిలినవి, క్లుప్తంగా

మొండి బ్యాక్టీరియా ఉందని తేలిన రోగికి విడి గది లేకపోతే కిటికీ పక్కన చివరి మంచం ఇవ్వండి. బీపీ పట్టీ, స్టెతస్కోపు, థర్మామీటరు ఆ మంచానికే ఉండాలి. డ్రెస్సింగ్ రౌండ్లో చివర చూడండి. వేరే ఆసుపత్రికి పంపితే రిఫరల్ చీటీ మీద ఆ సంగతి ఎర్ర ఇంకుతో రాయండి, మనం ఎవరి నుంచైనా అదే కోరుకుంటాం కదా.

చెత్తకు 2016 నియమాల ప్రకారం నాలుగు రంగులు: రక్తపు కట్లు, మాయ పసుపులో, గొట్టాలు, సూది తీసిన సిరంజిలు, గ్లౌజులు ఎరుపులో, సూదులు, బ్లేడ్లు చిల్లు పడని తెల్ల డబ్బాలో, గాజు నీలంలో. 48 గంటలకు మించి నిలవ ఉంచకూడదు. సూదికి తిరిగి మూత పెట్టవద్దు. సూది గుచ్చుకుంటే సబ్బుతో కడగాలి, పిండకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. శానిటేషన్ సిబ్బందికి హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయా అని ఎవరూ అడగరు. మీరు అడగండి, వారు కాంట్రాక్టు మీద ఉన్నా సరే.

సూపరింటెండెంట్‌కు ముందే ఒక సంగతి చెప్పి ఉంచండి. ఇవన్నీ మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో పుస్తకంలో ఇన్ఫెక్షన్ల అంకె తగ్గదు, పెరుగుతుంది. ఇంతకాలం ఆర్‌ఎంపీ దగ్గరకు పోయిన చీము ఇప్పుడు ఫోనులో వినిపిస్తుంది కాబట్టి. ఆ నెల జిల్లా సమీక్షలో ఎవరో ఒకరు లేచి, మీ ఆసుపత్రిలోనే ఇన్ని కేసులేమిటని అడుగుతారు. ఆ రోజు ఆ సిస్టర్ చేతిలోంచి పుస్తకం లాక్కోకుండా, ఆమెతోనే ఆ పేజీ చదివించండి.